ముప్పై ఉచిత గంటలు

కిందటేడాది నేను చదివిన వచనంలో ఇప్పటికీ వెంటపడుతున్నది ఒక ఒప్పందపత్రం. ఇంగ్లండ్‌లో పసిపిల్లల్ని చూసుకునే నర్సరీలకూ, ఆ ఊరి కౌన్సిల్‌కూ మధ్య కుదిరే ఒప్పందం. 'కుదిరే' అన్నది మర్యాదకు వాడిన మాట. కౌన్సిల్ పంపుతుంది, నర్సరీ సంతకం పెడుతుంది. మధ్యలో బేరమేమీ ఉండదు.

ఏ పుస్తకం తెరిచినా ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, అని ముందు చూసుకోవడం నాకు అలవాటు. కోడ్ రాసేవాడికి ఇదొక వృత్తిరోగం అనుకోండి, ఏ ఫంక్షన్ ఎవర్ని పిలుస్తోందో తెలియకపోతే లోపలికి వెళ్ళలేం. ఈ పత్రంలో మాట్లాడేది కౌన్సిల్. కౌన్సిల్ వెనక లండన్‌లోని విద్యాశాఖ ఉంది. 2017లో ఆ శాఖ తయారుచేసిన నమూనా ఒప్పందాన్నే కౌన్సిళ్ళు తమ పేరు వేసుకుని, అక్కడక్కడా మార్చుకుని వాడుకుంటాయి. విద్యాశాఖకి డబ్బులిచ్చే ట్రెజరీ ఆ వెనక ఎక్కడో ఉంటుంది, పత్రంలో కనిపించదు. నర్సరీ వాళ్ళ గొంతు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా వినపడదు. వాళ్ళకోసం చివర్లో ఒక ఖాళీ గీత ఉంది, సంతకానికి.

పత్రంలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట 'ఫ్రీ'. ఈ గంటలు తల్లిదండ్రులకు పూర్తిగా ఉచితం. భోజనానికీ, డైపర్లకీ, సన్‌క్రీముకీ నర్సరీ డబ్బులు అడగొచ్చు, కానీ ఇవ్వడం ఇవ్వకపోవడం తల్లిదండ్రుల ఇష్టం. ఇవ్వనన్నారని సీటు లేదనకూడదు. ప్రభుత్వం గంటకు ఇచ్చేదానికీ, నర్సరీ మామూలుగా గంటకు తీసుకునేదానికీ తేడా ఉంటే, ఆ తేడా తల్లిదండ్రుల దగ్గర వసూలు చెయ్యడం నిషిద్ధం. తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ మరీ బాగాలేదని ముద్ర వేస్తే నిధులు ఆపెయ్యొచ్చు. రికార్డులు ఉంచాలి, అడిగినప్పుడు చూపించాలి. అంతా సబబుగానే ఉంది. ఆ తేడా మరి ఎవరు భరించాలి అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. లేని ఆ ప్రశ్న చుట్టూనే మిగతా వాక్యాలన్నీ అల్లారని రెండోసారి చదివినప్పుడు అనిపించింది.

నర్సరీల వాళ్ళు ఈ 'ఫ్రీ' అన్న మాట పలకడానికి ఇష్టపడరు. 'ఫండెడ్ అవర్స్' అంటారు. ప్రభుత్వమూ, పేపర్లూ 'ఫ్రీ అవర్స్' అంటాయి. ఒకే గంటకు రెండు పేర్లు. మొదట్లో ఇదేదో మాటల పట్టింపు అనుకున్నాను.

పథకం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ వారానికి 15 గంటలు 2010 నుంచీ ఉన్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పనిచేసే ఇళ్ళల్లో అవి 2017 సెప్టెంబరు నుంచి 30 అయ్యాయి. 2023 మార్చి బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి జెరెమీ హంట్ దాన్ని తొమ్మిది నెలల పిల్లల దాకా తెస్తానన్నాడు. తర్వాత ప్రభుత్వం మారింది గానీ ఆ మాట మారలేదు. 2024 ఏప్రిల్‌లో రెండేళ్ళవాళ్ళకు 15 గంటలు, ఆ సెప్టెంబరులో తొమ్మిది నెలలవాళ్ళకు 15, 2025 సెప్టెంబరుకల్లా అందరికీ 30. 'వారానికి' అంటే బడులు నడిచే 38 వారాలకే. మొత్తం ఏడాదికి 1,140 గంటలు. ఏడాది పొడుగునా తెరిచి ఉండే నర్సరీ దాన్ని 51 వారాలకు సాగదీస్తే వారానికి 22 గంటల చిల్లర వస్తుంది. "ముప్పై అన్నారుగా, ఇరవై రెండేమిటి?" అని ప్రతి సెప్టెంబరులోనూ కొత్తగా చేరిన తల్లిదండ్రులు అడుగుతారు. ప్రతి సెప్టెంబరులోనూ మేనేజరు అదే భాగహారం చేసి చూపిస్తుంది. పథకం ప్రకటించే పని ప్రభుత్వానిది, సంజాయిషీ చెప్పుకునే పని నర్సరీది.

అర్హత ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే 11 అంకెల కోడ్ వస్తుంది. మూడు నెలలకోసారి దాన్ని మళ్ళీ ఖరారు చేసుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరూ వారానికి కనీసం 16 గంటల కనీస వేతనమంత సంపాదించాలి, ఇద్దరిలో ఏ ఒక్కరి ఆదాయమూ ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు. (బోనస్ వచ్చిన ఏడు ఆ లక్ష దాటకుండా ఉండటానికి మా ఆఫీసులో ఒకాయన బోనసంతా తీసుకెళ్ళి పెన్షన్‌లో పోశాడు. జీవితంలో మొదటిసారి జీతం పెరిగినందుకు బాధపడ్డానని చెప్పాడు. అతనిమీద జాలిపడేవాళ్ళు ఎక్కువమంది దొరకలేదు.)

మాకు కోడ్ రాదు. 2022 సెప్టెంబరులో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చాం, ఆ వీసాకు ఒక షరతు ఉంది: ప్రభుత్వ నిధుల్ని ఆశ్రయించకూడదు. అందరితోపాటూ పన్ను కడతాం, అందరికంటే అదనంగా ఆరోగ్య సేవల సర్‌ఛార్జీ కూడా కట్టి వచ్చాం, అది వేరే సంగతి. దంపతుల్లో ఏ ఒక్కరికైనా పౌరసత్వమో, శాశ్వత నివాసమో, నిధులు తీసుకునే అనుమతో ఉంటే చాలు. మా ఇద్దరికీ లేదు. మూడేళ్ళు నిండాక అందరు పిల్లలకీ వచ్చే 15 గంటలు మా పాపకీ వస్తాయి. 2023 నవంబరులో పుట్టింది కాబట్టి 2027 జనవరి నుంచి. అయిదేళ్ళకు శాశ్వత నివాసం వచ్చే పాత లెక్కలో అయితే, పాప బడికి వెళ్ళేలోపు మాకు ముప్పై గంటలు రెండు టర్ముల పాటు వచ్చేవి. ఆ అయిదేళ్ళని పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదించింది కాబట్టి ఆ రెండు టర్ముల ఆశ కూడా వదిలేశాం.

ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్ళకి దీనికొక విరుగుడు ఉంది, అందరికీ తెలిసిందే. విజిటర్ వీసా ఆరు నెలలు. అమ్మ ఆరు నెలలు, అత్తయ్య ఆరు నెలలు. హీత్రూలో ఒకరిని ఎక్కించి ఇంకొకరిని దింపుకున్న ఇళ్ళు నాకు తెలుసు. మేమూ ఒక దఫా ఆ రిలే పరుగెత్తించాం. తర్వాత నాన్నకి ఒంట్లో బాగాలేక అమ్మ రావడం కుదరలేదు, పాపకి పదమూడు నెలలు నిండగానే వారానికి మూడు రోజులు నర్సరీలో వేశాం. లండన్‌కి పడమరగా ఉన్న మా ఊళ్ళో, ఒక చర్చి హాలు పక్కన, నలభై ఆరుమంది పిల్లలున్న చిన్న నర్సరీ. రోజుకు 95 పౌండ్లు.

వీడియో కాల్‌లో ఆ అంకె చెప్పినప్పుడు అమ్మ రూపాయల్లోకి మార్చుకుంటుందని తెలుసు. మార్చుకుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంత కడితే మరి ఆ టీచరమ్మకి ఎంతిస్తార్రా?" అని అడిగింది.

ఆ టీచరమ్మకి కనీస వేతనం కంటే నలభై పెన్నీలు ఎక్కువ ఇస్తారు. నాకు ఆ సంగతి అప్పటికి తెలియదు, తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. పాపకి ఆమే 'కీ పర్సన్', అంటే ఇంటికీ నర్సరీకీ మధ్య మనిషి. మా పాప అన్నాన్ని బువ్వ అంటుందనీ, నిద్రొస్తే చెవి పట్టుకుంటుందనీ మాకంటే ముందు రాసి పెట్టుకున్నది ఆమె. 'నీళ్ళు' అన్న మాట ఇంగ్లీషు నాలుకతో చక్కగా పలికేది. కిందటి నవంబరులో మానేసి ఊరి చివర సూపర్ మార్కెట్లో చేరింది. గంటకు కొంచెం ఎక్కువ, సాయంత్రం ఎవరి ఏడుపూ ఇంటికి మోసుకెళ్ళక్కర్లేదు. ఆమెని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. పాప మాత్రం మూడు వారాలపాటు గుమ్మం దగ్గర ఆమె పేరు పిలిచింది. ఇప్పుడు కూడా సరుకులకి అక్కడికే వెళ్తాం, వెళ్ళినప్పుడు ఆమె కనపడితే పాప ట్రాలీలోంచి చేతులు చాపుతుంది, ఆమె స్కానర్ పక్కన పెట్టి వస్తుంది.

ఒప్పందపత్రం నా చేతికి ఎలా వచ్చిందో ఇంకా చెప్పలేదు కదూ. పిల్లల్ని దింపే వేళ మేనేజరు ఒకరోజు, "మీరు కంప్యూటర్ల పనే కదా చేసేది?" అని అడిగింది. ఈ ప్రశ్నకు కాదని చెప్పగలిగిన తెలుగు ఇంజనీరుని నేనింతవరకూ చూడలేదు. 2025లో ప్రభుత్వ మార్గదర్శకాలు మారాయి: ఉచిత గంటలెన్ని, కొనుక్కున్న గంటలెన్ని, భోజనానికెంత, ఇతరాలకెంత అన్నది ఇన్వాయిస్‌లో విడివిడిగా చూపించాలి. ఆమె ఎక్సెల్ షీట్ అందుకు తయారుగా లేదు. రెండు శనివారాలు కూర్చున్నాను. ఏ ఖర్చుని ఏ పేరుతో చూపించొచ్చో అర్థం కాక ఒప్పందపత్రం అడిగి చదివాను.

పేర్లు తీసేసి నంబర్లు పెట్టిన నలభై ఆరు వరసలు. పక్కన గంటలు, కోడ్ ఉందా లేదా, కౌన్సిల్ ఇచ్చే రేటు, ఆ పిల్లకో పిల్లాడికో గంటకు అయ్యే ఖర్చు, చివర్లో తేడా. తేడా మిగులైతే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఈ రంగులు ఆమె వేసుకున్నవే.

నేను ఊహించింది షీటంతా ఎర్రగా ఉంటుందని. అలా లేదు. ఏడాది లోపు, ఏడాది దాటిన పిల్లల వరసలు దాదాపు సమంగా ఉన్నాయి. 2025-26కి విద్యాశాఖ కౌన్సిళ్ళకు ఇచ్చిన సగటు రేటు రెండేళ్ళలోపు వాళ్ళకు గంటకు 11.54 పౌండ్లు. రెండేళ్ళవాళ్ళకు 8.53. మూడు, నాలుగేళ్ళవాళ్ళకు 6.12. ఆ ఏడాది కౌన్సిల్ తన నిర్వహణకు కొంత ఉంచుకుని కనీసం 96 శాతం నర్సరీలకు పంచాల్సి ఉండేది. (మా ఊరి రేటు చెప్తే ఊరు తెలిసిపోతుంది కాబట్టి చెప్పను.) పసిగుడ్లకు ముగ్గురికి ఒక టీచరు ఉండాలి, రెండేళ్ళవాళ్ళకు అయిదుగురికి ఒకరు, మూడేళ్ళు దాటాక ఎనిమిదిమందికి ఒకరు. కొత్తగా వచ్చిన రేట్లు కొత్తవి కాబట్టి ఖర్చుకి దగ్గరగా ఉన్నాయి. ఎరుపంతా మూడేళ్ళు దాటిన పిల్లల వరసల్లో ఉంది, ఏళ్ళ తరబడి ఖర్చు వెనక నడుస్తూ వచ్చిన పాత రేటులో. ఒక్కో వరసలో గంటకు పోయేది కొన్ని పెన్నీలే. అయితే అలాంటివి ఇరవై వరసలు, ఒక్కోదానికీ 1,140 గంటలు.

ముదురు ఆకుపచ్చగా ఉన్నవి నాలుగే నాలుగు వరసలు. కోడ్ లేనివి. వాటిలో రెండేళ్ళ గదిలో ఉన్నది ఒక్కటి, మంగళ బుధ గురువారాలు. పేరక్కర్లేదు.

"మూడేళ్ళ కింద ఇవి పద్దెనిమిది ఉండేవి," అంది మేనేజరు. ఆ వయసు పిల్లలకు అప్పట్లో పథకం లేదు, అందరూ ఫీజు కట్టేవాళ్ళే. చిన్నపిల్లల ఫీజులో మిగిలింది పెద్దపిల్లల ఉచిత గంటల్లో పోయినదాన్ని పూడ్చేది. ఇప్పుడు చిన్నపిల్లల గంటల ధర కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తోంది. కోడ్ ఉన్నవాళ్ళు పైన కొనుక్కునే గంటలు కొన్ని ఉన్నాయి గానీ, వాటిమీద పెంచితే అది దొడ్డిదారిన వసూలు చెయ్యడమేమో అని ఆమెకి భయం. ఆర్థిక విషయాలు పరిశోధించే ఐఎఫ్ఎస్ అనే సంస్థ 2023లోనే చెప్పింది: ఈ విస్తరణ పూర్తయ్యేసరికి ఇంగ్లండ్‌లో బడి ఈడు రాని పిల్లల సంరక్షణ గంటల్లో దాదాపు 80 శాతానికి ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అంతకుముందు అది సగానికి కాస్త తక్కువ ఉండేది.

ఇందులో మార్కెట్ అనేది ఎంత మిగిలింది? కొనేవాడు ఒక్కడే, ధర చెప్పేవాడు వాడే, నాణ్యత తూచేవాడూ వాడే, పైనుంచి ఆ సరుకుకి 'ఉచితం' అని పేరు పెట్టేవాడూ వాడే. అమ్మేవాళ్ళు మాత్రం అద్దెలు కట్టుకుంటూ, విడివిడిగా, ప్రైవేటు వ్యాపారులు.

2025 ఏప్రిల్‌లో కనీస వేతనం 11.44 నుంచి 12.21కి పెరిగింది. అదే నెలలో ఉద్యోగి తరఫున యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 శాతం నుంచి 15కి పెరిగింది, అది మొదలయ్యే జీతం పరిమితి 9,100 పౌండ్ల నుంచి 5,000కి దిగింది. పార్ట్‌టైమ్ పనివాళ్ళు ఎక్కువగా ఉండే చోట ఆ రెండోదే ఎక్కువ దెబ్బ. ప్రభుత్వ బడులకు ఆ అదనపు ఖర్చుకి పరిహారం ఇచ్చారు. ప్రైవేటు నర్సరీలకు ఇవ్వలేదు, అవి ప్రైవేటువి కాబట్టి. మేనేజరు ఈ సంగతి చెప్పి నవ్వింది. "గంట అమ్మేటప్పుడు మేము ప్రభుత్వ సేవ. బిల్లు కట్టేటప్పుడు ప్రైవేటు కంపెనీ."

ఇదంతా తెలియక జరిగిందని అనుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. ఎర్లీ ఇయర్స్ అలయన్స్ అనే నర్సరీల సంఘం, మన ఆర్‌టీఐ లాంటి చట్టం కింద రెండేళ్ళకు పైగా పోరాడి, 2021లో విద్యాశాఖ లోపలి పత్రాలు కొన్ని బయటికి తెప్పించింది. 2015 నాటివి, 30 గంటల పథకం ఇంకా కాగితం మీద ఉన్నప్పటివి. మూడు, నాలుగేళ్ళ పిల్లల గంటకు పూర్తి ఖర్చు ఇవ్వాలంటే 2020-21కి సగటున 7.49 పౌండ్లు కావాలని అధికారులు లెక్కవేశారు. ఆ ఏడాది నిజంగా ఇచ్చిన సగటు 4.89. తక్కువ ఇస్తే నర్సరీలు చిన్నపిల్లల ఫీజులు పెంచుకుంటాయనీ, ఒక్కో టీచరు కింద చట్టం ఒప్పుకునేంతమంది పిల్లల్నీ పెడతాయనీ కూడా ఆ పత్రాల్లో ఉంది. అంటే పత్రంలో అడగని ఆ ప్రశ్నకు జవాబు ఒకచోట ముందే రాసి పెట్టి ఉంది. తేడా చిన్నపిల్లల తల్లిదండ్రులు కడతారు, టీచర్లు మోస్తారు. అది చదివి వచ్చి ఒప్పందపత్రం మళ్ళీ తెరిస్తే, 'ఫ్రీ' అన్న ప్రతిచోటా కింద కనపడని ఫుట్‌నోట్ ఒకటి ఉన్నట్టుంటుంది. నర్సరీల వాళ్ళు ఆ మాట ఎందుకు పలకరో అప్పుడు అర్థమైంది.

ఆ ఎర్ర గడులు చూస్తుంటే నాకు మా ఇంజనీరింగ్ కాలేజీ అకౌంట్స్ కిటికీ గుర్తొచ్చింది. 2009లో చేరాను, కన్వీనర్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్పుడప్పుడే ఊపందుకుంది. ఏడాదికి ముప్పై వేల పైచిలుకు ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కడుతుంది, మాకు ఉచితం. ఆ పథకం లేకపోతే నేను ఇవాళ ఇక్కడ కూర్చుని నర్సరీల గురించి రాస్తుండేవాణ్ణి కాదు, ఇందులో దాపరికమేమీ లేదు. కానీ ప్రభుత్వం కట్టేది ఎప్పుడు? నోటీసు బోర్డు మీద బకాయిల సంగతి ఎప్పుడూ ఉండేది. చదువైపోయాక సర్టిఫికెట్ల కోసం వెళ్తే, ప్రభుత్వం నుంచి రావాల్సింది రాలేదు, ముందు మీరు కట్టి తీసుకెళ్ళండి, వచ్చాక తిరిగిస్తాం అన్నారు. నాన్న అప్పు చేసి కట్టాడు. తిరిగిచ్చారో లేదో అడగడం మేమే మానేశాం. ఆరోగ్యశ్రీ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేస్తామనడం, తెలంగాణలో 2025లో ప్రైవేటు కాలేజీలు రీయింబర్స్‌మెంట్ బాకీల కోసం బంద్‌కి దిగడం చదివినప్పుడు, కథ అదే, పాత్రలు మారాయి అనిపిస్తుంది. అయితే ఒక తేడా ఉంది. అక్కడ మోసం తేదీలో ఉంటుంది, ఇక్కడ రేటులో ఉంటుంది. ఇంగ్లండ్ కౌన్సిల్ చెప్పిన నెలలో చెప్పినంతా ఇస్తుంది. చెప్పినదే చాలదు.

మా క్లాసులో నూటికి ముప్పై సీట్లు మేనేజ్‌మెంట్ కోటావి. వాళ్ళు కట్టేది వేరే. కాలేజీకి కొత్త ల్యాబ్ వచ్చినా, జీతాలు ఆ నెలకి ఆ నెల పడినా అది ఎవరి డబ్బుతోనో అందరికీ తెలుసు. అయినా మేము, ఉచితంగా చదివేవాళ్ళం, వాళ్ళనే చిన్నచూపు చూసేవాళ్ళం, ర్యాంకు రాలేదని. నా పక్కన కూర్చునే మిత్రుడొకడు ఆ కోటాలో వచ్చినవాడే, వాళ్ళ నాన్న ఎకరం అమ్మి కట్టాడు. ఎక్సెల్ షీట్ సంగతి వాడికి వాట్సాప్‌లో చెప్పాను. "అంటే ఇప్పుడు నువ్వు మేనేజ్‌మెంట్ కోటా అన్నమాట," అని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఎంత ఆలోచించినా దానికి జవాబు దొరకలేదు.

పథకం చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోరమ్ సంస్థ ఏటా చేసే సర్వే ప్రకారం 2025లో ఇంగ్లండ్‌లో, అర్హత ఉన్న ఇళ్ళకి, రెండేళ్ళలోపు పిల్లల పార్ట్‌టైమ్ నర్సరీ ఖర్చు ఒక్క ఏడాదిలో సగానికి పైగా తగ్గింది. పక్క వీధిలో ఉండే ఒకావిడ రెండో బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేద్దామనుకుంది, కోడ్ వచ్చాక మానలేదు. మా పాపకి వాళ్ళ బాబు ఫ్రెండు. వాడి గంటలు ఉచితమైనందుకు నాకు కుళ్ళు లేదు. కుళ్ళు లేదని ఇలా రాసుకోవలసి వస్తోందంటే కొంత ఉన్నట్టేనేమో. నాకు కష్టంగా ఉన్నది వేరే: వాడి గంటకీ మా పాప గంటకీ మధ్య మా ఇద్దరిళ్ళకూ తెలియని లావాదేవీ ఒకటి నడుస్తోంది. దాన్ని రోజూ రాత్రి ఇంట్లో కూర్చుని సరిచూసుకునేది, ఆ రెండు గంటల్లో దేనికీ ధర నిర్ణయించే అధికారం పూర్తిగా లేని మనిషి.

పెద్ద సంస్థలకు ఇది కొంత తేలిక. వందల నర్సరీలుంటే ఒక ఊళ్ళో పోయింది ఇంకో ఊళ్ళో రాబట్టుకోవచ్చు, ఒప్పందాలు చదవడానికే మనుషుల్ని పెట్టుకోవచ్చు. ఇక్కడ అన్నిటికంటే పెద్ద గొలుసు నర్సరీల్లో ఒకటైన బిజీ బీస్‌లో ప్రధాన వాటా కెనడాలోని ఒంటారియో టీచర్ల పెన్షన్ నిధిది. ఒక దేశపు టీచర్ల ముసలితనానికి ఇంకో దేశపు పసిపిల్లలు పెట్టుబడి. కథలో రాస్తే అతి అంటారు. ఇంట్లోనే నలుగురు పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్లు 2012లో యాభై వేలకు పైగా ఉండేవాళ్ళు, ఇప్పుడు అందులో సగం కూడా కష్టం. మా మేనేజరు ఈ రెంటికీ మధ్య ఉంది. అమ్మేద్దామా అని ఆలోచిస్తే కొనేది ఏదో ఒక గొలుసే. మూసేద్దామా అంటే నలభై ఆరు ఇళ్ళు. ఒప్పందంలోంచి బయటికి రావొచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. వస్తే కోడ్ ఉన్న నలభై రెండుమంది మర్నాడే ఇంకో చోటికి వెళ్తారు. ఆ స్వేచ్ఛ విలువ ఆమెకి బాగా తెలుసు.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ పిలిచింది. ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.71. మా ఊరి కౌన్సిల్ రేటు ఇంకా చేతికి రాలేదు, నెలాఖరుకి వస్తుంది. అది కొద్దిగానే పెరుగుతుందనుకుని లెక్క చూడమంది. వేతనం ఉన్న గడిలో 12.21 తీసి 12.71 కొట్టాను. ఎంటర్ నొక్కగానే పసిపిల్లల గదిలో కూడా నాలుగు వరసలు ఎర్రబడ్డాయి.

"నష్టం సున్నా కావాలంటే ఎంత ఉండాలి?" అని అడిగింది.

ఎక్సెల్‌లో దీనికి గోల్ సీక్ అని ఒకటి ఉంది. ఫలితం ఎంత కావాలో చెప్పి, దానికోసం ఏ గడిని మార్చొచ్చో చూపిస్తే, ఆ అంకె అదే వెతికి పెడుతుంది. ఏ గడి చూపించాలా అని షీటంతా చూశాను. కౌన్సిల్ రేట్లు మార్చడానికి లేదు. వేతనం చట్టం. అద్దె ఒప్పందం. గంటలు పథకం. మిగిలింది ఒక్కటే, ప్రైవేటు ఫీజు, నాలుగు వరసలది. ఆ గడి చూపించి నొక్కాను. ఒక క్షణం ఆగి 131 అని చెప్పింది.

"రోజుకు నూట ముప్పై ఒకటి పెడితే మీరుంటారా?" అంది.

"ఉండం."

"మరైతే అది కాదు." కాసేపు టీచర్ల సంఖ్య ఉన్న గడి వైపు చూసింది. అక్కడ 9 అని ఉంది. దాన్ని మార్చమని అడగలేదు. "104 పెట్టి చూడండి."

పెట్టాను. ఎరుపు కొంత తగ్గింది, చాలానే మిగిలింది. ఏప్రిల్ ఇన్వాయిస్ అదే షీట్‌లోంచి వెళ్తుంది కాబట్టి సేవ్ చెయ్యమంది. సేవ్ చేశాను.